చిలుక కోసం కొట్టిన అడవి

సాధారణ నామ సంవత్సరం, శ్రావణ బహుళ తదియ, గురువారం. తెల్లారేసరికి ముసురు పట్టింది, గాలి లేదు. రాజుల కథకు తిథి ఎందుకంటారా పిల్లలూ? ఆ రోజు పోయినవాళ్లకు తద్దినం పెట్టాలి కదా.

ఒక రాజు, ఆయనకు ముగ్గురు కొడుకులు. కొండ మీద కోట, కోట వెనక అడవి, కొండ కింద ఏరు, ఏటి ఒడ్డున పల్లె. చిన్న రాకుమారుడికి పాలిచ్చి పెంచిన పైడమ్మది ఆ పల్లే.

రాజుగారి మేనకోడలు హేమవల్లిని కరాళుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం అడవిలోని ఒక చిలుకలో ఉంది. పిల్ల ఇంకా చెరలో ఉండగానే పురోహితుడు పెద్ద రాకుమారుడితో ఆమె పెళ్లికి ముహూర్తం పెట్టేశాడు. మనవాళ్ల తొందర మీకు తెలియనిదా.

ముగ్గురూ వెతికారు. ఆకుల్లో ఆకుపచ్చ చిలుక దొరుకుతుందా?

చిన్నవాడి కాళ్ల దగ్గర వానపాము తల ఎత్తింది. "పుష్యంలో రేగుపళ్లకు ఆ చిలుకే వస్తుంది, ఆగు రాజా. అడవి జోలికి మాత్రం పోవద్దు. వాన ముందు ఆకుల మీద పడుతుంది, తర్వాత రాలిన ఆకుల మెత్త మీద. ఆపైన మా బొరియల్లోకి, వేళ్ల సందుల్లోకి ఇంకుతుంది. అందుకే ఏటికి నిదానంగా చేరుతుంది."

చిన్నవాడు అన్నలకు చెప్పాడు. "పుష్యంలో చిలుక, మాఘంలో పెళ్లి. ఆగుదాం అన్నయ్యా."

"పురుగు చెప్పిందని ముహూర్తం మార్చాలా?" అన్నాడు పెద్దవాడు.

"ఆ పురుగునే పౌరోహిత్యానికి పిలుద్దాం" అన్నాడు రెండోవాడు.

అడవి కొట్టించారు. రాలిన ఆకులు తగలబెట్టారు. దుంగలు ఈడ్చి నేలను గట్టి చేశారు. మిగిలిన ఒక్క చెట్టు మీద చిలుక దొరికింది. పెద్దవాడు దాని మెడ విరిచాడు, మాంత్రికుడు చచ్చాడు, పిల్ల ఇంటికొచ్చింది.

పెళ్లినాడు, ఆ తదియ పొద్దున, వాన చూసి చిన్నవాడు పల్లెకు, పైడమ్మ దగ్గరకు పరుగెత్తాడు.

"అమ్మా, కోటకు రా."

"ముసురుకే ఇల్లు వదలాలా నాయనా? నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ చూస్తున్నా, ఈ ఏరు రెండు రోజులు ముందు చెప్పి మరీ వస్తుంది. నువ్వెళ్లు, అన్నగారి అక్షతల వేళయింది."

వెళ్లాడు. మంగళవాద్యాలు ఆగేసరికి కొండ మీది నీళ్లన్నీ ఎర్రగా దిగిపోయాయి. ఏరు చెప్పకుండా వచ్చింది. వాన మాత్రం ఏటా పడేలాంటిదే. పైడమ్మ పొయ్యిరాళ్లు కూడా మిగల్లేదు.

పెద్దవాడికి సింహాసనం వచ్చింది, హేమవల్లితో పిల్లాపాపలతో చాలా ఏళ్లు ఏలాడు. రెండోవాడికి కలప. చిన్నవాడు బోడికొండ అడిగితే నవ్వుతూ ఇచ్చేశారు. మొక్కలు నాటుతూ ముసలివాడయ్యాడు. ఆ నేల మళ్లీ మెత్తబడటం చూడలేదు.

పల్లెలో మిగిలినవాళ్లకు ఏమీ రాలేదు. పెళ్లి భోజనానికి మాత్రం పిలిచారు.