బంగారు కొమ్ముల లేడి బోడితలదైన కథ

ఒకప్పుడు లేడికి కూడా కొమ్ములుండేవి. అవునర్రా, ఆడ లేడికే! ఇప్పుడు బోడితలతో తిరుగుతుందే, ఆ లేడికే. మగ దుప్పి కొమ్ములకంటే దాని కొమ్ములే బారుగా ఉండేవి. అవి ఎందుకు పోయాయో చెబుతాను. నవ్వుకునే కథ కాదిది, ముందే చెబుతున్నాను. తరవాత నా మీద పడి ఏడవొద్దు.

సముద్రాల అవతల గ్రీకు దేశముంది. ఆ దేశంలో కెరీనియా అని ఒక కొండ. కొండ మీద ఒక లేడి ఉండేది. కొండ పేరే దానికీ పెట్టారు, కెరీన అని. దాని కొమ్ములు బంగారం. పూత కాదు, అచ్చమైన బంగారం! గిట్టలేమో కంచు. రాళ్ళ మీద పరుగెడితే ఖంగు ఖంగున మోగేవి. దాని వెంట వేసిన బాణం సగం దారిలోనే "నావల్ల కాదు బాబూ" అని కింద పడిపోయేది.

ఆ కొమ్ములిచ్చింది ఆర్టెమిస్. ఆవిడ అక్కడి అడవులకీ వేటకీ దేవత. "ఈ బంగారం చూడగానే నువ్వు నాదానివని అందరికీ తెలుస్తుంది. నీ జోలికి ఎవడూ రాడు, నీ పిల్లల జోలికీ రాడు" అని చెప్పింది. సాక్షాత్తూ దేవత మాట కదా, కెరీన నమ్మేసింది.

కొన్నాళ్ళకి కెరీనకి కొడుకు పుట్టాడు. పేరు నెబ్రో. నెత్తిన శనగగింజలంత బంగారు మొలకలు రెండు. గిట్టలు మాత్రం ఇంకా కంచు కాలేదు, లేత కొబ్బరిలా మెత్తగా ఉన్నాయి. వాడికి మాటలు కూడా రాలేదు. "మే" అనడం ఒక్కటే వచ్చు. ఆకలేసినా అదే, సంతోషమొచ్చినా అదే.

కొండ కింద లాడన్ అని ఒక ముసలి నది. ఆ రోజుల్లో నదులు, జంతువులు, మనుషులు అందరూ ఒకరితో ఒకరు మాట్లాడుకునేవాళ్ళు. కెరీన పిల్లని తీసుకెళ్ళి నదికి చూపించింది.

"చక్కగా ఉన్నాడమ్మా, నా దిష్టే తగిలేలా ఉంది" అంది నది. "కానీ ఆ కొమ్ములు దాచు తల్లీ."

"ఎందుకు దాచాలి? అవి దేవత గుర్తు."

"నీకు దేవత గుర్తు. ఊళ్ళోవాళ్ళకి అది వేరే గుర్తు. పండగొస్తే వాళ్ళు ఒక ఎద్దుని తెస్తారు. కొమ్ములకి బంగారు రేకు చుడతారు. మెళ్ళో దండ వేస్తారు. బలిపీఠం దగ్గర నిలబెట్టి నెత్తిన నా నీళ్ళే చల్లుతారు. చన్నీళ్ళు పడితే ఎవరైనా తల విదిలిస్తారా, లేదా? ఆ ఎద్దు విదిలించగానే 'తల ఊపింది! ఒప్పుకుంది!' అని కేకలు పెడతారు. ఆ తరవాత కత్తి."

"అదేం ఒప్పుకోవడం!"

"వాళ్ళ పద్ధతి అంతే. ఒప్పుకోని ప్రాణిని వాళ్ళు ముట్టుకోరు. పాపమట."

కెరీన నవ్వింది. "నా గిట్టలు చూశావా? నన్నెవడు పట్టుకుంటాడు?"

"నీవి సరే. వాడివో?"

ఆ మాటతో కెరీనకి ఒళ్ళు మండింది. "నీకు చాదస్తం ముదిరింది" అని పిల్లని తోసుకుంటూ కొండెక్కేసింది. అయ్యో, ఆ ఒక్క మాట చెవిన పెట్టి ఉంటే!

ఆ ఏడు వానలు లేవు. బార్లీ చేలు నిలువునా ఎండిపోయాయి. ఎడ్లు, మేకలు ఒక్కటి మిగలకుండా చచ్చిపోయాయి. ఊరిపెద్ద పేరు ఫిలోన్. మంచివాడే. చెడ్డవాడైతే నాకు తిట్టుకోవడానికైనా వీలుండేది. అతని మనవలు ఆకులు ఉడకబెట్టుకుని తింటున్నారు. అతనికి అవి కూడా లేవు.

"ఆర్టెమిస్ తల్లికి మనమీద కోపమొచ్చింది. బలి ఇస్తే వానొస్తుంది. ఇద్దామంటే ఊళ్ళో కోడి కూడా లేదే!" అని నెత్తి కొట్టుకునేది పూజారమ్మ మిర్తో.

కొండ మీదా గడ్డి లేదు. మేత లేకపోతే కెరీనకి పాలెక్కడివి? పాలు లేకపోతే నెబ్రో ఎలా బతుకుతాడు? అవతలి కొండమీద పచ్చిక ఉందని గాలి వచ్చి చెప్పింది. లేడికి లేచిందే పరుగు కదా. నెబ్రోని నది ఒడ్డున పొదలో పడుకోబెట్టి, "ఇప్పుడే వస్తాను నాన్నా" అని వెళ్ళింది.

ఫిలోన్, మిర్తో నీళ్ళకి వచ్చారు. ఎండలో పొద మెరిసింది. ఆకులు తప్పించి చూశారు. లేడిపిల్ల! నెత్తిన బంగారం!

"మనం చుట్టిన రేకు కాదిది" అన్నాడు ఫిలోన్.

"మన దగ్గరేం లేదని ఆ తల్లికి తెలిసిందయ్యా! తనే బంగారం పెట్టి, తనే ముస్తాబు చేసి పంపింది!" అని మిర్తో నేలమీద కూర్చుని భోరున ఏడ్చింది. సంతోషంతో ఏడ్చింది.

నెబ్రోని ఎత్తుకుని ముద్దాడుతూ తీసుకెళ్ళారు. దండ వేశారు. దాచుకున్న ఆఖరి బార్లీ గింజలు అరచేతిలో పెట్టి తినిపించారు. వాడికి ఎంత బాగుందో! అందరి చేతులూ నాకాడు. "మే, మే" అన్నాడు.

"మాకివ్వరా అవి?" అని ఫిలోన్ మనవరాలు గింజలకేసి చూసింది.

కెరీన తిరిగొచ్చింది. పొద ఖాళీ. "ఊళ్ళోకమ్మా, ఊళ్ళోకి! పరుగెత్తు!" అని నది కేక పెట్టింది. ఖంగు ఖంగుమంటూ కెరీన కొండ దిగింది. అంత వేగంగా అది ఎప్పుడూ పరుగెత్తలేదు.

"వాడు నా బిడ్డ! వదలండి!"

ఫిలోన్ దండం పెట్టాడు. "అమ్మా, మేం బలవంతం చెయ్యం. మా ఊళ్ళో ఆ పాపం ఎన్నడూ లేదు. నీ బిడ్డనే అడుగుదాం. వాడు కాదంటే నీతో పంపేస్తాం, నా మనవల మీద ఒట్టు."

"వాడికి మాటలు రావయ్యా!"

"మాటలెందుకమ్మా? తల ఊపితే చాలు."

కెరీనకి నది మాట గుర్తొచ్చింది. "నెబ్రో! కదలకు! తల ఊపకురా నాన్నా!" అని అరిచింది. వాడికేం అర్థమవుతుంది? అమ్మొచ్చిందని సంతోషపడ్డాడు.

చెంబులో ఉన్న నీళ్ళు లాడన్ నీళ్ళే. పాపం ఆ నీళ్ళు వెచ్చబడాలని చూశాయి. వాడికి చలి తగలకూడదని చూశాయి. చెంబెడు నీళ్ళు ఎంత వెచ్చబడతాయి? మిర్తో వాడి నెత్తిన చల్లింది. ఒక చుక్క చెవిలోకి పోయింది.

వాడు తల విదిలించాడు.

"ఒప్పుకున్నాడు!" అని ఊరంతా కేక పెట్టింది.

"చెవిలో నీళ్ళు పడ్డాయి! అంతే!" అని కెరీన మోకాళ్ళమీద కూలబడింది. "నన్ను తీసుకోండి. నా కొమ్ములు పెద్దవి. ఇదిగో ఊపుతున్నాను, ఇదిగో!" అని తల ఊపింది. కొమ్ములు నేలకి తగిలేలా ఊపింది.

మిర్తో కళ్ళు తుడుచుకుంది. "ఒకరు ఒప్పుకున్నాక ఇంకొకరిని తీసుకోకూడదమ్మా. అపచారం."

తరవాత ఏం జరిగిందో నేను చెప్పను. అడక్కండి.

సాయంత్రం కొండమీదికి ఆర్టెమిస్ వచ్చింది. కెరీన తల ఎత్తలేదు.

"ఎవ్వరూ ముట్టుకోరన్నావు."

"నేను వాళ్ళని బలి అడగలేదు కెరీనా."

"అడగలేదు సరే. వద్దని చెప్పావా?"

"ఆ ఊరిని బూడిద చెయ్యనా?" అంది దేవత.

"చేస్తే నా బిడ్డ లేచొస్తాడా?"

"రాడు. అది నాకు చేతకాదు."

"అయితే ఈ కొమ్ములు తీసేయ్."

"అవి లేకపోతే నువ్వు నాదానివని ఎవరికి తెలుస్తుంది?"

"ఎవ్వరికీ తెలియకూడదు."

దేవత చెయ్యి కదలలేదు. కెరీనే బండకేసి తల బాదుకుంది. ఒక కొమ్ము విరిగింది. రెండోదీ విరిగింది. బంగారం దొర్లుకుంటూ నదిలో పడింది. నది దాన్ని మింగి, పైన బురద కప్పేసింది.

ఆ నెత్తురు చూసి ఆర్టెమిస్ ఏడ్చింది. దేవత ఏడిస్తే ఏమవుతుంది? వానొచ్చింది. చేలు తడిశాయి, చెరువులు నిండాయి. ఊళ్ళోవాళ్ళు వానలో గంతులేశారు. "చూశారా, బలి ఫలించింది!" అన్నారు. ఇక వాళ్ళకి ఎవరు చెప్పినా ఎక్కుతుందా? మర్నాటినుంచీ కొమ్ములున్న లేడి కోసం కొండంతా వెతకడం మొదలెట్టారు. బంగారానివి దొరక్కపోతే మామూలు కొమ్ములకే రేకు చుడదామన్నారు.

ఆ కబురు విని లేళ్ళన్నీ కెరీన దగ్గరికొచ్చాయి. ఒక్కొక్కటే బండ దగ్గర నిలబడి తల బాదుకున్నాయి. మగ దుప్పులూ వచ్చాయి. మగాళ్ళ సంగతి తెలిసిందేగా! "మేమూ వదిలేస్తాం" అని ఏటేటా రాల్చేస్తాయి, మళ్ళీ ముచ్చటపడి పెంచుకుంటాయి. ఎక్కడో మంచుదేశంలో మాత్రం ఆడవాటికి కొమ్ములున్నాయట. అంత దూరం ఈ కబురు చేరలేదు కాబోలు.

కెరీన మళ్ళీ పరుగెత్తినప్పుడు కంచు గిట్టలు మోగలేదు. మోగకుండా నడవడం నేర్చుకుంది. మళ్ళీ ఏ దేవత మాటా నమ్మలేదు.

అప్పటినుంచే లేడికి కొమ్ములు లేవు. మేతకి పోయేముందు అది పిల్లని గడ్డిలో పడుకోబెట్టి, చెవి నాకి, ఒకే ఒక్క మాట చెబుతుంది. మీరెప్పుడైనా వానలో అడవికి వెళ్తే చూడండి. నెత్తిన చినుకులు పడుతున్నా, చెవిలోకి నీళ్ళు కారుతున్నా, అమ్మ వచ్చేదాకా లేడిపిల్ల తల ఊపదు.