ఊ కొట్టిన కొమురవ్వ

అనగనగా అని మొదలుపెడితే రాజు రావాలి, ఆయనకు ఏడుగురు కొడుకులు రావాలి. ఈ కథలో రాజు లేడు. ఉన్నది ఒక ముసలమ్మ. పేరు కొమురవ్వ. ఎప్పటి మాట అంటారా, మా తాతను అడిగితే "నా చిన్నప్పుడు కాదు, అంతకుముందు" అన్నాడు. వాళ్ళ తాత కూడా ఆయనకు అదే చెప్పాడట. కాబట్టి నన్ను తవ్వి లాభం లేదు. ఊ కొడుతూ వినండి.

ఏటి ఒడ్డున నూరు మగ్గాల ఊరొకటి ఉండేది. ఆ ఊళ్ళో మగ్గం లేని ఇళ్ళు మూడే మూడు. ఒకటి గుడ్డ మీద బొమ్మలు రాసే నకాషి ఆయనది. రెండోది పటం కథ చెప్పే ఐలయ్యది. మూడోదాన్ని ఇల్లు అనకూడదు. నకాషి ఆయన పెరట్లో చూరు కింద ఒక చాప, ఒక కుండ. అది కొమురవ్వది.

కొమురవ్వ పని రంగులు నూరడం. ఇంగిలీకం నూరితే ఎరుపు. నీలిమందు నూరితే నీలం. దీపం మసి నూరితే నలుపు. పొద్దంతా ఏ రంగు నూరిందో సాయంత్రం ఆమె చేతులు చూస్తే తెలిసిపోయేది. ఆమెకు అక్షరం ముక్క రాదు. ఆ రోజుల్లో అది వింత కాదు. వింతేమిటంటే ఆమెకు కథ చెప్పడం కూడా రాదు. ఎవరైనా అడిగితే మొదలుపెట్టేది. రాజు వేటకు పోయేవాడు. పోయినవాడు పోయినట్టే, మళ్ళీ వచ్చేవాడు కాదు. "ఆడికెళ్లి ఏమైందో యాదికొస్తలేదు బిడ్డా" అనేది. పిల్లలు నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది.

ఇక ఐలయ్య సంగతి. ఐలయ్య దగ్గర యాభై మూరల పటం ఉండేది. ఆ నేతగాళ్ళ మూలపుటమ్మ పత్తిగింజను కొంగున కట్టుకుని ఏరు దాటి వచ్చి మొదటి మగ్గం ఎట్లా వేసిందో, ఆ కథంతా అందులో బొమ్మలుగా ఉండేది. పటానికి పైన ఒక కర్ర, కింద ఒక కర్ర. గుడ్డంతా కింది కర్రకు చుట్టి ఉంటుంది. పాట సాగుతున్నకొద్దీ ఒక్కో బొమ్మా విప్పుకుంటుంది, పాట అయిపోయిన బొమ్మ పై కర్రకు చుట్టుకుంటుంది. మూడేళ్ళకోసారి, పంట ఇంటికొచ్చాక, ఊరంతా కూర్చుంటే ఐలయ్య పొద్దున మొదలుపెట్టి పొద్దు వాలేదాకా చెప్పేవాడు. ఊరివాళ్ళ పని ఒక్కటే, ఊ కొట్టడం. వాళ్ళు ఏనాడూ పటం చూసినవాళ్ళు కాదు. కళ్ళు సగం మూసి పాట వినేవాళ్ళు, తలలూపేవాళ్ళు. కొందరు నిద్రలో కూడా ఊ కొట్టేవాళ్ళు. అందులో మా వంశం వాళ్ళు కూడా ఉన్నారు, దాచడమెందుకు.

ఐలయ్యకు ఒక్కతే కూతురు, ఓదెమ్మ. పాట నేర్పుదామని తండ్రి కూర్చోబెడితే ఆ పిల్ల వేలు పోయి బొమ్మ మీద పడేది. "నాయినా, ఈమె ఎందుకు ఏడుస్తాంది?" అనేది. "అడగొద్దు బిడ్డా, ఊ కొట్టు. పాట వస్తే బొమ్మ అదే వస్తది" అనేవాడు. పాట ఆ పిల్లకు పట్టలేదు. మొద్దు అన్నారు. చివరికి ఐలయ్య తన మేనల్లుడు సమ్మయ్యకు నేర్పాడు. సమ్మయ్యకు ఏడు వందల చరణాలూ గడగడా వచ్చేశాయి. పటం వంక తిరిగి చూడకుండానే వచ్చేశాయి.

ఓదెమ్మకు ఐదేళ్ళప్పుడు ఐలయ్య పటం చెప్పి ఇంటికొచ్చాడు. అలిసిపోయాను అన్నాడు. పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. పటాన్ని సంచిలో పెట్టి అటక మీదికి ఎక్కించారు. ఆ రోజు నుంచీ ఓదెమ్మ మాట్లాడడం మానేసింది.

తల్లి లచ్చవ్వ నేతగాళ్ళ ఇళ్ళలో నూలు కండెలు చుట్టడానికి పోవాలి. పిల్లను ఎక్కడ వదలాలి? కొమురవ్వ దగ్గర వదిలింది. మాట్లాడని పిల్ల ఒకవైపు, కథ రాని ముసలమ్మ ఒకవైపు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నారు.

కొమురవ్వకు ఒక ఆలోచన వచ్చింది. నకాషి ఆయన చెయ్యి తప్పినప్పుడల్లా ఆ గుడ్డముక్క చించి పెరట్లో పారేసేవాడు. మెల్లకన్ను రాణి, తోక మరిచిన పులి, ఐదు కాళ్ళ గుర్రం, ఇట్లాంటివి. ఆమె ఏళ్ళుగా ఏరి దాచుకున్న వాటిని తీసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, పక్కన దారంతో కుట్టింది. పన్నెండు బొమ్మల గుడ్డ పుస్తకం అయింది. అందులో ఒక్క అక్షరం లేదు. దానికో కథా లేదు.

పుస్తకం పిల్ల ఒళ్ళో పెట్టింది. "నాకు కథ రాదు బిడ్డా. నువ్వే చెప్పాలె. ఏం కానొస్తాంది?" అంది. మొదటి రోజు ఓదెమ్మ పలకలేదు. రెండో రోజూ పలకలేదు. కొమురవ్వ కూడా బొమ్మ తిప్పలేదు. ఆ ఒక్క బొమ్మనే తెరిచి పెట్టి, పక్కన కూర్చుని రంగు నూరుకుంటూ ఉంది.

మూడో రోజు పిల్ల నోరు విప్పింది. "గుర్రం."

"ఊఁ" అంది కొమురవ్వ. "ఎట్ల ఎరుకైంది?"

"జూలు ఉంది. తోక ఉంది. కాళ్ళు ఐదు ఉన్నయి."

"గుర్రానికి ఐదు కాళ్ళెక్కడివే? నకాషి అయ్య చెయ్యి తప్పిండు."

"తప్పలే అవ్వా. ఇది ఉరుకుతాంది. ఈ కాలు ఇప్పటిదాక ఈడ ఉండె, గిప్పుడే తీసింది."

కొమురవ్వ నూరడం ఆపింది. ఆ గుడ్డముక్క ఆమె దగ్గర పదేళ్ళుగా ఉంది. పదేళ్ళూ దాన్ని తప్పనే అనుకుంది. ఇప్పుడు చూస్తే గుర్రం నిజంగానే ఉరుకుతోంది. "ఊఁ" అంది మళ్ళీ, ఈసారి కాస్త మెల్లగా. "ఇగ ఏమైతది?"

"బొమ్మ తిప్పు అవ్వా, చెప్త."

అట్లా మొదలైంది. ఆ తరువాత మిగతా పిల్లలూ వచ్చి చేరారు. ఎవరొచ్చినా కొమురవ్వ అడిగేవి మూడే. ఏం కానొస్తాంది? ఎట్ల ఎరుకైంది? ఇగ ఏమైతది? మూడింటికీ జవాబు వస్తేనే బొమ్మ తిరిగేది. పిల్లలు తప్పు చెప్పినా తప్పు అనేది కాదు. ఎట్ల ఎరుకైంది అని అడిగేది, అంతే. వాళ్ళు మళ్ళీ చూసేవాళ్ళు, తల గోక్కునేవాళ్ళు, వాళ్ళే దిద్దుకునేవాళ్ళు. నిన్న చెప్పిన కథ ఇవాళ ఉండేది కాదు. కొమురవ్వ అన్నిటికీ ఊ కొట్టేది.

ఊరు నవ్వింది. "పెద్దది చెప్పాలె, చిన్నవి ఊ కొట్టాలె. కొమురవ్వ కాడ గొర్లే కాపరిని తోలుకపోతున్నయి" అన్నాడు కులపెద్ద కనకయ్య. ఆయన మాట ఊరికి శాసనం. ఇంట్లో మాత్రం కాదట, అది వేరే కథ.

మూడేళ్ళు గడిచాయి. ఓదెమ్మకు ఎనిమిదేళ్ళు వచ్చాయి. పటం చెప్పే రోజు వచ్చింది. లచ్చవ్వ పొద్దున్నుంచీ అటక వంకే చూస్తోంది. పటం బాగా సాగితే ఏడాది గింజలు వస్తాయి, ఐలయ్య ఇల్లు నిలబడుతుంది. సాగకపోతే? ఆ ఊళ్ళో ఒక కట్టడి ఉంది. అపశకునం చూపిన పటాన్ని ఏటిలో కలపాలి. పటం పోయిన ఇంటివాళ్ళు కథ చెప్పే హక్కు వదులుకుని ఊరు విడిచిపోవాలి.

ఊరంతా కూర్చుంది. అటక మీది సంచి దించారు. ఇద్దరు మనుషులు చెరో కర్రా పట్టుకున్నారు, బొమ్మ నిటారుగా కనబడేట్టు. చుట్ట ఏ కర్రకు ఉంటే ఆ కర్ర నుంచి విప్పడమే వాళ్ళకు తెలుసు. సమ్మయ్య పటానికి వీపు పెట్టి, జనం వైపు తిరిగి, గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నాడు. "పుట్టిందమ్మా తల్లి, తొట్టెలూగిందమ్మా" అని పాడుతున్నాడు.

పటంలో తొట్టెల లేదు. మెడదాకా తెల్లగుడ్డ కప్పిన శవం ఉంది.

కళ్ళు ఇంకా మూతపడని ముందు వరసలో ఊ ఆగిపోయింది. రెండో బొమ్మ వచ్చింది. నెరిసిన జుట్టు ముసలమ్మ కూర్చుని రాట్నం వడుకుతోంది. వెనక వరసలో ఊ ఆగిపోయింది. మూడో బొమ్మ వచ్చింది. నల్లటి జుట్టు పడుచుపిల్ల మగ్గం ముందు నిలబడి ఉంది. సమ్మయ్య మాత్రం పాడుతూనే ఉన్నాడు, వెనక ఏం జరుగుతోందో అతనికి తెలిస్తే కదా.

"ఆపు" అన్నాడు కనకయ్య. "సచ్చినామె లేసి కూసున్నది. కూసున్నామె పడుచుదైంది. పటం తిరగబడ్డది. గిది ఊళ్ళె ఉంటే మన మగ్గాలు ఉండయి. ఏట్ల కలుపుదాం పట్టుండ్రి."

ఇద్దరు మనుషులు పటం చుట్టబోయారు. ఓదెమ్మ ఉరికొచ్చి గుడ్డ అంచు పట్టుకుంది. "మా నాయినది" అంది. అంతకుమించి ఆ పిల్లకు మాట రావడం లేదు. అందరూ పెద్దవాళ్ళు, అందరూ తననే చూస్తున్నారు. పాట రాని మొద్దుపిల్ల కదా తను.

అప్పుడు వెనక నుంచి కొమురవ్వ లేచింది. జన్మలో పదిమందిలో నోరెత్తని మనిషి. చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి. నడిచొచ్చి పటం ముందు చతికిలబడింది.

"రంగులు నూరేదానివి, నీకేమెరుక కొమురవ్వా? పక్కకు జరుగు" అన్నాడు కనకయ్య.

"నాకేం ఎరుక లేదయ్యా. అందుకే అడుగుత" అంది ఆమె. పిల్ల వైపు తిరిగింది. "బిడ్డా, ఏం కానొస్తాంది?"

ఓదెమ్మ గుడ్డ వదల్లేదు. పటం చూసింది. "ముగ్గురు కాదవ్వా. ఒక్కామెనే."

"ఊఁ. ఎట్ల ఎరుకైంది?"

"గదువ మీద మూడు పచ్చబొట్లు. సచ్చినామెకు ఉన్నయి. ముసలామెకు ఉన్నయి. ఈ పడుచామెకు ఉన్నయి."

జనం మెడలు సాచారు. ముగ్గురి గడ్డం మీదా పచ్చబొట్లు ఉన్నాయి. వాళ్ళ తాతల నాటి నుంచీ ఉన్నాయి. చూసినవాడే లేడు.

"ఊఁ. ఇగ ఏమైతది?"

ఓదెమ్మ మళ్ళీ చూసింది. ఈసారి చాలాసేపు చూసింది. "ఇగ ఏం కాదవ్వా. అయిపోయింది. ముసలిది పడుచుదైతదా? పడుచుది ముసలిదైతది, సచ్చిపోతది. మనం ఎనక నుంచి చూస్తున్నం. ఇది కథకు కొస." ఆ పిల్ల పై కర్ర వైపు వేలు చూపించింది. "గుడ్డంత పై కర్రకే ఉంది. కింది కర్రకు ఉండాలె. మా నాయిన చెప్పినంక తిరిగి చుట్టలేదు."

ఒక్కసారిగా లచ్చవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "రేపు పొద్దుగాల చుడతా అన్నడు. ఒళ్ళు నొస్తాంది, రేపు చుడతా అన్నడు. ఆ రేపు రాలే" అంది.

మూడేళ్ళుగా ఆ పటం ఐలయ్య ఎక్కడ ఆపాడో అక్కడే ఆగి ఉంది. శకునం లేదు, అరిష్టం లేదు. అలిసిపోయిన మనిషి మరునాటికి పెట్టుకున్న పని ఒకటి మిగిలిపోయింది, అంతే. దానికి ఊరు ఊరంతా దడుచుకుంది.

కనకయ్య లేచాడు. తన చేతులతో తనే కర్ర పట్టుకుని యాభై మూరల పటం వెనక్కి చుట్టించాడు. మొదటి బొమ్మ వచ్చింది. అందులో తొట్టెల ఉంది. సమ్మయ్యను ఈసారి పటానికి ఎదురుగా నిలబెట్టారు. అతను పాడితే, ఓదెమ్మ వేలు పెట్టి చెప్పింది. ఈమె ఎందుకు ఏడుస్తోందో, ఏరు దాటేటప్పుడు కొంగు ఎందుకు పైకి పట్టుకుందో, పాటలో లేనివన్నీ చెప్పింది. మొదట కొమురవ్వ ఒక్కతే ఊ కొట్టింది. తరువాత కనకయ్య కొట్టాడు. ఎనిమిదేళ్ళ పిల్లకు కులపెద్ద ఊ కొడితే ఇక మిగతావాళ్ళకేం అడ్డం? పొద్దు వాలేదాకా ఊరంతా కళ్ళు తెరిచి ఊ కొట్టింది.

ఓదెమ్మ పెరిగి పెద్దదై పటం చెప్పింది. కొమురవ్వ ఇంకా కొన్నాళ్ళు రంగులు నూరి, పిల్లలకు ఊ కొట్టి, ఒక వానాకాలం పోయింది. ఏ ఏడో ఎవరూ రాసిపెట్టుకోలేదు.

పటం ముసలిదై పోగులు ఊడినప్పుడు దాన్ని మర్యాదగా ఏటిలో కలిపి కొత్తది రాయించారు. ఓదెమ్మ చెబితే, నకాషి ఆయన కొడుకు చిట్టచివర ఒక బొమ్మ ఎక్కువ రాశాడు. ఒక ముసలమ్మ, ఒక చెయ్యి చెవి దగ్గర. దానికి పాట లేదు. కట్టవద్దని ఓదెమ్మే చెప్పిందట.

ఇప్పటికీ అక్కడ పటం చెప్పేవాళ్ళు ఆ బొమ్మ దగ్గరికి రాగానే పాట ఆపేస్తారు. జనంలో అందరికంటే చిన్నపిల్లను పిలిచి ముందు నిలబెడతారు. ఏం కానొస్తాంది అని అడుగుతారు. పిల్ల చెబుతుంది, పెద్దలు ఊ కొడతారు. ఒక ఏడు ఆ ముసలమ్మ ఏటి చప్పుడు వింటోందని ఒక పిల్ల చెప్పింది. ఇంకో ఏడు ఆమెకు చెవిపోటు వచ్చిందని ఒక పిల్లాడు చెప్పాడు. దానికీ ఊ కొట్టారు.

నేను వెళ్ళిన ఏడు ఆరేళ్ళ పిల్ల వచ్చి నిలబడింది. ఈ అవ్వ ఊ కొడుతాంది అంది. మా తాత చెప్పిన ముక్కలు పోను, నేను మీకు చెప్పిన కథంతా ఆ పిల్ల చెప్పిందే. ఎట్ల ఎరుకైంది బిడ్డా అని అడిగాను. ఆ పిల్ల విప్పి ఉన్న బొమ్మలన్నీ ఒకసారి పైనుంచి కిందికి చూసి, నా వైపు తిరిగింది.

"అందరు మాట్లాడుతున్నరు తాతా. ఈ అవ్వ ఒక్కతే ఇనడానికి కూసున్నది" అంది.

ఊఁ అన్నాను.