కదిపిన బరోలో

మా బసీలు ఫాదరు గారు అడిగినదానికి తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. ఎవరైనా సందేహంతో వస్తే ముందు వాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగించేవారు. కొల్లేటి గట్టున మా మిషను ఇంట్లో ముప్పయ్యేళ్ళు వంట చేసినదాన్ని కాబట్టి చెప్తున్నాను, సందేహాలు తీరుస్తానని ఆయన జనం చేత చేయించిన పనులన్నీ ఒకచోట పోస్తే రెండు గుళ్ళూ ఒక వంతెనా లేచేవి. ఇటలీ కొండల్లో ద్రాక్షతోటల మధ్య పుట్టిన మనిషే గాని, పులుసులో ముల్లు ఏరడంలోనూ తెలుగులో ఎత్తిపొడవడంలోనూ ఆయనకి సాటి వచ్చేవాడు మా జిల్లాలో లేడు.

రంగూన్ ఓడలు మనవాళ్ళని వరసగా తెచ్చి దింపుతున్న ఏడు, శౌరయ్య ఆయన దగ్గరికి ఒక ప్రశ్న పట్టుకొచ్చాడు. శౌరయ్య మిషను ఆస్పత్రిలో కాంపౌండరు. అక్షరాలు దిద్దడం నుంచి మందులు కలపడం దాకా ఫాదరు గారి దగ్గరే నేర్చుకున్న శిష్యుడు. వాడికి నాలుగేళ్ళప్పుడు తండ్రి జోజయ్య రంగూన్ వెళ్ళి, ఇరవై ఆరేళ్ళు ఒక్క కార్డు ముక్క రాయలేదు. ఎదురుచూసి చూసి తల్లి పోయింది. ఇప్పుడా జోజయ్య చేతిలో గుడ్డమూటతో వచ్చి కొడుకు గుమ్మం ముందు నిలబడ్డాడు. వెళ్ళిన రోజు నుంచి తిరిగొచ్చిన రోజు దాకా జరిగిందంతా చెప్తేనే లోపలికి రానిస్తానన్నాడు కొడుకు. ముసలాయన చెప్పాడు కూడా. బియ్యం మిల్లులో మోసిన బస్తాలు, మీద పడిన బాంబులు, అడవిలో పట్టుకున్న జ్వరాలు. కాని యుద్ధం నాటి ఒక వర్షాకాలం దగ్గరికి వచ్చేసరికి నోరు పడిపోయేది. మళ్ళీ మొదటి నుంచి అడిగితే మళ్ళీ అక్కడే ఆగేవాడు. దాంతో ఆయన్ని మా మిషను వరండాలోకి పంపేసి, శౌరయ్య ఫాదరు గారి ముందుకొచ్చాడు.

"కడుపులో దాచుకున్నదంతా బయటపెట్టకుండా ఆయన్ని నాన్నా అని ఎలా పిలవమంటారు సామీ?"

ఫాదరు గారు గడ్డం నిమురుకున్నారు. "గుడి పక్క గదిలో, ఇసుక గుంటలో నా సీసా ఉంది. పట్రా."

ఆ సీసా సంగతి చెప్పాలి. బరోలో అంటారు దాన్ని, వాళ్ళ వైపు ఎర్ర వైను. ఈయన ఓడెక్కేటప్పుడు వాళ్ళ నాన్న సొంత తోటలో పండిన ద్రాక్షతో చేసింది చేతిలో పెట్టి, మళ్ళీ కలిసిన రోజున తాగుదాం అన్నారట. ఆ పెద్దాయన యుద్ధంలో పోయారు. మన ఎండలకి వైను ఉడికి పులిసిపోతుందని ఫాదరు గారు నేలలో గుంట తవ్వించి, ఇటుకలు పేర్పించి, సీసాని ఇసుకలో పసిబిడ్డలా పడుకోబెట్టారు. కుండ కింద ఇసుక తడిపినట్టు రోజూ దాన్ని తడపడం నా పని. నేను తోడిన నీళ్ళకి కొల్లేరు రెండుసార్లు ఎండింది. సీసా పడుకుని ఉంటేనే బిరడా తడారకుండా ఉంటుందని, కదపొద్దని ఆయన నాకు జపమాల కన్నా ఎక్కువసార్లు చెప్పారు.

శౌరయ్యకి మాత్రం చెప్పడం మరిచారు. వాడు సీసాని వెలుతురులోకి ఎత్తి చూస్తే లోపల మడ్డి కనిపించింది. ఇక కాంపౌండరు చెయ్యి ఊరుకుంటుందా. పదేళ్ళుగా ప్రతి మందు సీసా మీదా 'బాగా కదిపి తాగవలెను' అని చీటీ అంటించిన చెయ్యి అది. రెండు చేతులా పట్టుకుని, నడుం ఊగేలా కదిపి, శుభ్రంగా తుడిచి బల్ల మీద పెట్టాడు. నా గుండె జారి వంటింటి గుమ్మం దాకా దొర్లింది. తేటగా ఉన్న వైను కుడితయింది. ఆయనకి ఉన్నది ఆ ఒక్క సీసానే.

ఫాదరు గారు దానివంక ఒక చూపు చూశారు. ఆ చూపు చూడలేక నేను లేని పోపు మాడిందని లోపలికి పరిగెత్తాను. చివరికి, సీసాని నిలబెట్టి ఎవరూ ముట్టుకోవద్దన్నారు. మరి నా జవాబు అని శౌరయ్య నసిగితే, ముందు దీన్ని తేరనియ్యమన్నారు.

మూడు రోజులు పట్టింది. చేసిన తప్పు తెలిసొచ్చి శౌరయ్య రోజుకి నలభైసార్లు సీసాని చూడటానికి వచ్చేవాడు. వరండా దాటకుండా సీసా దగ్గరికి దారి లేదు. వరండాలో జోజయ్య. ఇప్పుడు వాడి బెంగంతా సీసా మీదే గనక తండ్రిని ఏమీ అడగలేదు. అడగకపోయేసరికి మూడోనాడు ముసలాయన తనంతట తనే మాట్లాడాడు. నువ్వు పుట్టినప్పుడు ఎడమ చెవి తమలపాకులా మడిచి ఉండేదని, మీ అమ్మ రోజూ ఆముదం రాసి సాగదీసేదని. శౌరయ్య సీసా చూస్తున్నట్టు నటిస్తూ అక్కడే నిలబడి, తెలియకుండానే చెవి తడుముకున్నాడు.

ఆదివారం పూజ అయ్యాక ఫాదరు గారు పట్టపగలు కొవ్వొత్తి వెలిగించారు. బిరడా తీసి, సీసా మెడ వెనక మంట ఉండేలా పట్టుకుని, గాజు కూజాలోకి దారంలా వంచారు. మడ్డి మెడ దాకా రాగానే ఆపేశారు. అడుగున రెండు వేళ్ళ మందం మిగిలింది. సత్తువంతా అందులోనే ఉంటుంది కదా అని శౌరయ్య బాధపడితే, ఒక చుక్క గిన్నెలో పోసి నాకి చూడమన్నారు. చూశాడు. బురద, చేదు. కూజాలోది రుచి చూద్దామని నేను ముందే ఒక గుక్క వేశాను. కరక్కాయ కొరికినట్టు వగరు. నాలుక గొంతులోకి దూరి దాక్కుంది. ఫాదరు గారు నవ్వి, ఇన్నేళ్ళు మూసిపెట్టి ఉంది, కాస్త గాలి పీల్చుకోనియ్యి తెరేజమ్మా అన్నారు.

మధ్యాహ్నం మాంసం కూరతో మళ్ళీ తాగాం. కొత్తగా తారు వేసిన రోడ్డు మీద గులాబీ రేకులు ఆరబోసినట్టుంది. ఆ తర్వాత నేను తాగిన నీళ్ళన్నీ చప్పనే. ఫాదరు గారు ఒక గుక్క పట్టి కళ్ళు మూసుకున్నారు. కోతల కాలంలో మా నాన్న చొక్కా ఈ వాసనే వేసేది అని మాత్రం అన్నారు.

శౌరయ్య తన గ్లాసు ఖాళీ చేశాడు. తర్వాత ఇంకో గ్లాసు నింపి పట్టుకుని వరండాలోకి నడిచాడు. నేను కిటికీకి చెవి ఆనించాను. వర్షాకాలం మాట ఎత్తలేదు. "ఇది మెల్లగా తాగు. వగరుగా ఉంటుంది నాన్నా," అన్నాడు.

చాలాసేపటికి శౌరయ్య, వాళ్ళ నాన్న మూటని తన చంకన పెట్టుకుని లోపలికొచ్చి, ఆయన్ని ఇంటికి తీసుకెళ్తానని సెలవడిగాడు. పోతూ పోతూ, సీసాలో మిగిలింది పారబోసి కడిగేయమంటారా సామీ అన్నాడు.

"వద్దు," అన్నారు ఫాదరు గారు. "అది కిందికి దిగబట్టే పైది తేటపడింది. అక్కడే ఉండనీ."