అవతలి రేవు

ఏ రాజు కాలమో గానీ, ఏటికి అవతల ఒక విద్యాపీఠం ఉండేది. అక్కడ చదివే పేదవాళ్ళను రాజుగారి భృతి పోషించేది. పడవ నడిపే నూకాలు, ఏరు దాటే విద్యార్థుల దగ్గర రేవుకూలికి బదులు పాఠం చెప్పించుకునేది. మంచులోంచి పీఠం గంట తేలివస్తే, ఎవరో తననే పేరుపెట్టి పిలుస్తున్నట్టు ఉండేది ఆమెకు.

ఒక ఉదయం భృతి పంచే అధికారి వీరభద్రయ్య రేవుకు వచ్చాడు. నూకాలు చేతులు జోడించి తనకూ భృతి ఇమ్మంది.

"ముందు పీఠంలో ఏడాది చదివి చూపించవే పిల్లా! ఆ తర్వాత ఇస్తాం."

"భృతి లేనిదే అక్కడ ఏం తిని చదవనయ్యా?"

"నియమం నియమమే. పడవ తియ్యి, గంట మోగేలోగా నేనక్కడ ఉండాలి."

నూకాలు తెడ్డు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "నాకూ ఒక నియమం ఉందయ్యా. ముందు అవతలి రేవుకు చేరి చూపించండి. ఆ తర్వాత ఎక్కించుకుంటాను."

"ఓసి పిచ్చిదానా! పడవ లేనిదే ఎలా చేరతానే?"

"నేనడిగిందీ అదేనయ్యా."

వీరభద్రయ్య సంచి విప్పాడు. అందులోంచి తాటాకు తీసి, భృతి జాబితాలో ఆమె పేరు రాశాడు. పడవ మంచులోకి కదిలింది.

అవతలి రేవులో ఆయనకంటే ముందు నూకాలే దిగింది.