కోటగోడకు తెల్లమరక

ఒకానొక రాజ్యంలో, నీలగుత్తి అనే పట్నంలో, ఓబన్న అని ఒకడు ఉండేవాడు. బావమరిది గానుగలో ఎద్దు వెనకాల తిరగడం వాడి పని. ఎద్దుకైనా కళ్ళకు గంతలు కడతారు, వీడికి ఆ భాగ్యమూ లేదు. రోజంతా బావమరిది మొహం చూస్తూ తిరగాల్సిందే.

ఆ ఏడు వసంతోత్సవంలో ఎవరో చిమ్మనగొట్టంతో రంగునీళ్ళు కొడితే, గురితప్పి గోడకు తగిలాయి. తగిలినచోట నల్లటి గోడ మీద తెల్లటి చార పడింది. అందరూ రంగులు చూస్తుంటే ఓబన్న ఆ చార చూశాడు. మర్నాడే గానుగ మానేశాడు. కమ్మరి కొలిమితిత్తి లాంటి పెద్ద తోలుతిత్తి కుట్టించి, దానికి సన్నమూతి ఇత్తడి గొట్టం బిగించాడు. పెళ్ళాం గంగులమ్మ తిత్తి తొక్కితే నీళ్ళు ఈటెలా దూసుకొచ్చేవి. తరాలనాటి పాచి కూడా లేచిపోయేది.

"దసరాదాకా చూస్తాను బావా," అన్నాడు బావమరిది. "అప్పటికీ నీ నీళ్ళాట సాగకపోతే మళ్ళీ గానుగకే రావాలి. ఈసారి సగం కూలే."

పని కొత్తది, పనిముట్టు కొత్తది. కానీ బేరాలో? అవి మాత్రం పాతవే! ఒక సెట్టి, "నీళ్ళు నా బావివి, గోడ నాది. మధ్యన నీకు డబ్బులెందుకోయ్?" అన్నాడు. ఇంకొకాయన, "వాన వస్తే ఊరికే కడుగుతుందిగా," అన్నాడు. పోనీ అంత నమ్మకముంటే ఇన్నేళ్ళ వానలకు ఆ పాచి ఎందుకు పోలేదయ్యా అని అడిగితే, తలుపేసుకుని లోపలికి పోయాడు.

వాళ్ళు నయం. "ముందు మచ్చుకు ఒక మెట్టు కడిగి చూపించు," అనేవాళ్ళున్నారే, వాళ్ళు ప్రాణం తీశారు. కడిగించుకుని, "ఆహా, భేష్!" అని, "మా వదినగారి మెట్టు కూడా చూపించు, ఆవిడకూ నచ్చితే ఆలోచిద్దాం," అనేవారు. వీధివీధంతా ఇంటికొక తెల్లమెట్టు తయారైంది. చేతికి చిల్లిగవ్వ రాలేదు.

"మచ్చు చూపించీ చూపించీ నా మోకాళ్ళు పోయాయి," అని గంగులమ్మ నెత్తి కొట్టుకుంది. "ఊళ్ళో బేరాలు చాలు. ఆడేదేదో రాజుగారితోనే ఆడు."

ఆ రాజు వీరగజభూపతి. యుద్ధాలు పెద్దగా చేయలేదు కానీ, తనతో బేరమాడి గెలిచినవాడు భూమ్మీద లేడని మహా గర్వం. కోటగోడ కడగడానికి ఓబన్న వంద వరహాలు అడగ్గానే ఆయన మీసం దువ్వాడు.

"పది," అన్నాడు.

పక్కనున్న మంత్రి నాగన ప్రగ్గడ అందుకున్నాడు. "నీళ్ళు చల్లడానికి పదెందుకు మహాప్రభూ? అయిదు చాలు. అయినా, ముందు మచ్చు చూపించమనండి."

ఇక్కడా మచ్చేనా! ఓబన్నకు ఒళ్ళు మండిపోయింది. కోపం దిగమింగుకుని, "ఎక్కడ చూపించమంటారు ప్రభూ?" అన్నాడు.

"నీ ఇష్టం."

ఓబన్న గంగులమ్మతో సింహద్వారం దాకా నడిచి, ఆవిడ తిత్తి తొక్కుతుంటే, వచ్చేపోయేవాళ్ళ కళ్ళు పడేచోట, చేటంత మేర కడిగాడు. లోపలి రాయి పాలలా మెరిసింది. రాజు చూశాడు, తల ఊపాడు, "పదే," అన్నాడు.

"సెలవు ప్రభూ," అని ఓబన్న తిత్తి చుట్టుకుని ఇంటికెళ్ళిపోయాడు.

ఆనాటినుంచి రాజుకు మనశ్శాంతి లేదు. ఇన్నాళ్ళూ ఎవరూ పట్టించుకోని నల్లగోడ, ఆ చేటంత తెలుపు పక్కన మసిపట్టిన పొయ్యిలా కనబడసాగింది. పొరుగుదేశపు రాయబారి వచ్చి, "పాపం, కోటకు అతుకు వేయించారా?" అని పరామర్శించాడు. ప్రగ్గడ ఆ మరకమీద మామిడితోరణాలు కట్టించాడు. మేకలు తినిపోయాయి. మసీ ఆముదమూ కలిపి పూయించాడు. ఎండకు కరిగి ఆయన పట్టుకండువా మీదే కారింది.

రాజు మండిపడి ఓబన్నను పిలిపించాడు. "ఓరీ! నా గోడకు మరక చేసింది నువ్వు. మునుపటిలా నల్లగా చేసి కదులు. లేదా, ఆ తిత్తీ గొట్టమూ ఇక్కడ వదిలి నీ గానుగకు పో!"

తిత్తి మోసుకుని వెంట వచ్చిన గంగులమ్మ దాన్ని గట్టిగా వాటేసుకుంది. ఓబన్న మాత్రం చేతులు కట్టుకుని, "చిత్తం ప్రభూ. మునుపటిలా చేయడానికి వెయ్యి వరహాలు," అన్నాడు.

సభ గొల్లున నవ్వింది.

"కడగడానికి వందా, మురికి చేయడానికి వెయ్యా? మతిపోయిందా?" అని రాజు గర్జించాడు.

"కడగడం ఒక్కపూట పని ప్రభూ. ఆ మురికి మీ తాతగారి నాటినుంచి కూడబెట్టింది! అంత నూనెకాగడాల పొగ నేనెక్కడ తేను? అన్ని పావురాలకు మేతెవరు పెడతారు? ఏనుగులు వచ్చి ఒళ్ళు రుద్దుకోవాలి. ఆపైన ఆ ఎర్రచారలున్నాయే, అవి ప్రగ్గడగారు సభకు వస్తూ పోతూ ఉమ్మిన తాంబూలం. మంత్రిగారి నోటికి కూలి కట్టే స్తోమత నాకెక్కడిది?"

ప్రగ్గడ నములుతున్నది గుటుక్కున మింగేశాడు.

రాజుకు బేరం అలవాటు ఊరుకోనివ్వదు కదా! "వెయ్యి చాలా ఎక్కువ. అయిదొందలు చేసుకో," అన్నాడు.

"అలాగే మాట్లాడుకుందాం ప్రభూ. ముందు మచ్చు చూడండి." ఓబన్న బయటికెళ్ళి దోసిలినిండా పావురాలరెట్టా, మసీ పట్టుకొచ్చాడు. చలువరాతి సభామండపమంతా తాపీగా కలియజూశాడు. "ఎక్కడ పూయమంటారు? తమరి సింహాసనం మెట్టుకా? ప్రగ్గడగారి కొత్త కండువాకా?"

ప్రగ్గడ కండువా చంకలో దోపుకుని స్తంభం చాటుకు పరిగెత్తాడు. రాజు అసంకల్పితంగా కాళ్ళు పైకి లాక్కున్నాడు. సింహాసనం మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్న తనను తానే చూసుకుని, పొట్ట పట్టుకుని నవ్వాడు. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"ఓడాను! ఓడాను ఓబన్నా! ఆ చేతులు కడుక్కో ముందు. గోడంతా కడుగు. వంద కాదు, రెండువందలిస్తాను. ఏటా వానలు వెనకబట్టగానే కోట కడిగే పని నీదే."

ఓబన్న దోసిలి అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. గంగులమ్మ ముందుకొచ్చింది. "మహాప్రభూ, ఇచ్చేదేదో ఇప్పుడే బయానా ఇప్పించండి. పనయ్యాక మీ ప్రగ్గడగారు మళ్ళీ అయిదు దగ్గర మొదలెడతారు."

రాజు మళ్ళీ పకపకా నవ్వి, మెడలో ముత్యాలహారం తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇది బయానా. రెండువందలు వేరే."

గంగులమ్మ ఆ హారాన్ని వెలుగుకెత్తి చూసి, కొంగున ముడివేసుకుని, తిత్తి మీదికెక్కింది.

"ఇంకా గుడ్లప్పగించి చూస్తావేంటయ్యా, గొట్టం పట్టు," అంది మొగుడితో. "సాయంత్రం మా తమ్ముడికి కబురు చేయాలి, ఎద్దు వెనకాల తిరగడానికి ఇంకెవర్నైనా చూసుకోమని."