జెట్టిగారి కండ దిగిన వైనం

నల్లగుట్ట దుర్గాన్ని ఏలే పోలమరాజుగారికి ఏ మోజు పుట్టినా పట్టపగ్గాలుండవు. ఆ యేడు ఆయనకు కండల పిచ్చి పట్టుకుంది.

దానికి కారణం గండపజెట్టి. పొరుగు సీమ నుంచి వచ్చిన ఈ వస్తాదు కొలువులో అంగీ విప్పి, అరచెయ్యి పైకి పెట్టి మోచెయ్యి మడిచాడంటే, జబ్బ మీద కండ కొబ్బరికాయంత లేచేది. రాజుగారు నోరు తెరుచుకుని చూసేవారు. సందు చూసుకుని జెట్టి ఆయన చెవిలో ఓ మాట ఊదాడు. కండ లేనివాడికి పెట్టే కూడు దండగ, బక్కప్రాణుల్ని సాగనంపితే వంటశాలకు సగం బరువు తగ్గుతుందని.

రాజుగారు సరేనన్నారు. మొదటి వేటు ఆస్థాన వైద్యుడు సర్వేశాచార్లుగారి మీదే పడింది. ఆయన గాలేస్తే ఎగిరిపోయేట్టుంటారు మరి.

సంగతి విని తాతంభొట్లుకు కడుపు మండిపోయింది. కొలువులో నలుగురినీ నవ్వించి బతికే మనిషి. కిందటేడు మెట్ల మీద జారి చెయ్యి విరగ్గొట్టుకుంటే, ఆ చేతిని మళ్ళీ నోటిదాకా వంచింది ఆచార్లుగారే. పరుగున వెళ్ళేసరికి ఆయన మందులపెట్టె సర్దుకుంటున్నారు.

"పైకండను చూసి మురిసిపోతున్నాడయ్యా మన రాజు. మోచెయ్యి మడవడానికి అదీ ఓ చెయ్యి వేస్తుంది, కాదనను. కానీ అరచేతిని పైకి తిప్పినప్పుడే దాని జోరు. మడిచే పనికి పెద్దదిక్కు దాని అడుగున దాగిన కండ. చెయ్యి ఎటు తిరిగినా పని మానదు, ఎవరికీ కనపడదు," అన్నారు ఆచార్లు.

ఆమధ్య ఓ కూలీకి పైకండను భుజానికి పట్టి ఉంచే తాడు తెగి, కండ ఉండకట్టి కిందికి జారిందట. అయినా అడుగుకండ పుణ్యమా అని చెంబెత్తి నీళ్ళు తాగుతూనే ఉన్నాడట. అలా చెబుతూనే ఆయన తాతంభొట్లు మోచెయ్యి మడిచి అరచెయ్యి పైకి తిప్పారు. పుల్లలాంటి చేతి మీద కూడా నిమ్మకాయంత లేచింది. బోర్లా తిప్పారు, అణిగిపోయింది.

తాతంభొట్లు తన చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకుని నవ్వుకున్నాడు. పెట్టె అప్పుడే మూయొద్దని చెప్పి కొలువుకు బయల్దేరాడు.

అక్కడ జెట్టి గుప్పిట్లో బాదంపప్పులు పెట్టుకుని, ఒక్కొక్కటే నములుతూ కండ చూపిస్తున్నాడు. దాన్ని తాకకుండా దించేస్తానని తాతంభొట్లు పందెం కాశాడు. దించితే ఆచార్లుగారి కొలువు నిలవాలి, లేకుంటే తానూ ఆయన వెంటే ఊరొదిలిపోతాడు. రాజుగారు ఒప్పుకున్నారు. జెట్టి పగలబడి నవ్వి, గుప్పిట బిగించి, మోచెయ్యి మడిచాడు.

"మోచెయ్యి అట్లాగే ఉంచండి జెట్టిగారూ," అంటూ తాతంభొట్లు ఆ గుప్పిట కింద దోసిలి పట్టాడు. "పేద బ్రాహ్మణ్ణి. గుప్పిట్లో ఉన్న ఆ నాలుగు పప్పులూ నా దోసిట్లో వెయ్యండి, చాలు."

పప్పులే కదా అనుకున్నాడు జెట్టి. మోచెయ్యి చాచకుండానే గుప్పిట బోర్లించి విప్పాడు. పప్పులు దోసిట్లో పడ్డాయి. జబ్బ మీది కొబ్బరికాయ కాస్తా అణిగిపోయింది.

"చూశారా ప్రభూ, పుచ్చుకునేటప్పుడు పొంగిన కండ ఇచ్చేటప్పుడు ఎలా కుంగిపోయిందో."

కొలువంతా గొల్లుమంది. జెట్టి తన జబ్బను తానే తడుముకున్నాడు. తాతంభొట్లు అడుగుకండ సంగతి కూడా విన్నవించి, ఎవరి కంటా పడకుండా ఏలినవారి ముద్దను నోటిదాకా తెచ్చేది అదేనని, కనపడదు కదా అని దాన్ని సాగనంపితే కంచం ముందు చేతులు చాపుకుని కూర్చోవాల్సి వస్తుందని చెప్పాడు. రాజుగారికి తగలాల్సిన చోటే తగిలింది. ఆచార్లుగారిని సగౌరవంగా పిలుచుకు రమ్మని మనిషిని పంపి, జెట్టి కోసం చేయించిన బంగారు దండకడియం తెప్పించారు.

తాతంభొట్లు మళ్ళీ దోసిలి పట్టాడు. రాజుగారు కడియాన్ని గుప్పిట్లోనే ఉంచుకుని, "ఏమయ్యా, ఇప్పుడు నీ కండ పొంగిందా?" అని అడిగారు.

"ఇంకా లేదు ప్రభూ. తమరిది కుంగితేగానీ నాది పొంగదు."

రాజుగారు పడీ పడీ నవ్వుతూ చెయ్యి బోర్లించారు. కడియం తాతంభొట్లు దోసిట్లో పడింది.