ఇనప పలక వంగుడు లెక్క

పందొమ్మిది వందల అరవై నాలుగు, ఎండాకాలం. మిరపకాయలు కళ్ళాల్లో ఎండే రోజులు. మా ఊళ్ళో అంకయ్య, గురవయ్య, నాసరయ్య అని ముగ్గురు అన్నదమ్ములుండేవాళ్ళు. "ఊరందరి బుర్రలూ ఒక తట్టలో వేసి తూచినా మా ముగ్గురికీ సరితూగవు" అనేవాడు అంకయ్య. తమ్ముళ్ళు నిజమేనని తలలూపేవాళ్ళు.

ఆ ఏడు కాలువ మీద చెక్కవంతెన విరిగితే ఓవర్సీరు పెద్ద ఇనప పలక వేయించాడు. "బరువు పెడితే పలక నడుమ వంగుతుంది. సగం బరువుకు సగమే వంగుతుంది. రెండు వేళ్ళకు మించి వంగితే బండి తోలొద్దు. లెక్క చూసుకుని దాటండి" అని చెప్పి వెళ్ళాడు.

అన్నదమ్ములకు పన్నెండు బస్తాల మిరపకాయలున్నాయి. ఏడాది కష్టమంతా అదే. అవతలి గట్టునున్న గిడ్డంగికి చేర్చాలి. పడమట చూస్తే మబ్బు కమ్ముతోంది.

అంతే, బస్తాలన్నీ పలక నడుమ పేర్చారు. గట్టు నుంచి గట్టుకు తాడు బిగించి, నాసరయ్య నీళ్ళలో దిగి, వంగిన చోట తాడుకూ పలకకూ మధ్య వేళ్ళు పెట్టి చూశాడు.

"అన్నా, నాలుగు వేళ్ళు!"

"నీవి బెండకాయ వేళ్ళురా, జరుగు" అని అంకయ్య దిగాడు. మూడొచ్చాయి. "చూశావా, నేను దిగేసరికి ఒక వేలు తగ్గింది!"

ఇంకేముంది, వేళ్ళకు గుడ్డపీలికలు చుట్టి మళ్ళీ పెట్టాడు. సరిగ్గా రెండు!

అంకయ్య భార్య నాంచారమ్మ నెత్తి కొట్టుకుంది. "వేళ్ళకు గుడ్డ చుడితే పలక గట్టిపడుతుందటయ్యా? సగం సగం చేసి రెండుసార్లు తోలండి!"

గురవయ్య పకపకా నవ్వాడు. "ఈ సగానికి రెండు వేళ్ళు, ఆ సగానికి రెండు. మళ్ళీ నాలుగే కదా వదినా! నీకు లెక్కలు రావులే."

"మరి బస్తాలే లేకపోతే?" అన్నాడు నాసరయ్య.

"అసలు వంగనే వంగదు!" అన్నాడు అంకయ్య.

అంతే, బస్తాలన్నీ ఇవతలి గట్టున దించేసి, ఖాళీ బండి తోలుకుపోయారు. గిడ్డంగి గుమాస్తా "కాయలేవయ్యా?" అన్నాడు.

"కాయలకేం, మా ఊరి గట్టునే ఉన్నాయి. పలక వంగితే ఒట్టు!" అన్నాడు అంకయ్య.

ఇంతలో వాన. పరుగెత్తుకొచ్చారు. నాంచారమ్మ ఇంట్లో ఉన్న ఒక్క టార్పాలిన్ పట్టా ఈడ్చుకొస్తూ "బస్తాల మీద కప్పండయ్యా, త్వరగా!" అని అరిచింది.

అంకయ్య లాక్కున్నాడు. "ఇన్నాళ్ళకు నీకూ బుద్ధొచ్చిందే! ఇంత వాన మీద పడితే పలక వంగిపోదూ?"

ఇంకేముంది, పట్టా పలక మీద పరిచి, గాలికి లేవకుండా ముగ్గురూ మూడు మూలల మీద కూర్చున్నారు. నాలుగో మూలకు నాంచారమ్మను రమ్మని కేకలేశారు.

పలకకు ఏమీ కాలేదు. పన్నెండు బస్తాల కాయలూ వానకు తడిసి కుళ్ళిపోతే కాలువలో పారబోశారు.